క్లచ్ లేని కారు

సంచి అడుగున పాత పేపరు పరవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దాని బదులు నా నేత చీర ముక్క ఒకటి మడిచి పరిచాను. దాని మీద లుంగీ, తువ్వాలు, రెండు చొక్కాలు. కాలి మొండికి చుట్టే గుడ్డ పట్టీలు నాలుగు, ఉతికి ఆరేసినవి. పౌడరు డబ్బా. షుగరు గోలీలు రెండు కాగితపు కవర్లలో పోసి, పొద్దున వేసుకునే దాని మీద సూర్యుణ్ని, రాత్రి వేసుకునే దాని మీద నెలవంకను పెన్నుతో గీశాను. మా తమ్ముడు యోనాకు చదవడం రాదు.

వాడు మంచం మీద కూర్చొని, చంక కర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకొని చూస్తున్నాడు.

"నాలుగు చొక్కాలూ పెట్టక్కా," అన్నాడు.

వాడికి ఉన్నవే నాలుగు. రాజమండ్రి పోయి ఒక కారు చూసి రావడానికి నాలుగెందుకని నేను అడగలేదు. అడిగే నోరు నాకు పోయి అప్పటికి మూడు వారాలు.

యోనా నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. వాడికి నాలుగేళ్ళప్పుడు మా అమ్మ చనిపోయింది. మరుసటి ఏడు మా నాన్న వెదురు తెప్పల మీద గోదావరిలో కిందికి పోయే పనిలో చేరాడు. ఆయన గుడ్డల మూట నేనే కట్టాను. తెప్పలు రాజమండ్రి చేరాయని, మనిషి మాత్రం దిగలేదని తర్వాత ఎవరో చెప్పారు. నన్ను చేసుకున్న డేవిడ్ జంగారెడ్డిగూడెం వైపు పొగాకు ఆకు కాల్చే బ్యారన్లలో పనికి పోతానంటే ఆయన సంచీ నేనే సర్దాను. ఏడాదిన్నరకు కబురొచ్చింది, అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని. ముప్ఫై ఏళ్ళు నిండేసరికి నాకు ఒకటి స్థిరపడిపోయింది. నా చేత్తో సర్దిన సంచి ఇంటికి తిరిగి రాదు. పాస్టరు గారితో ఈ మాట అంటే అది అవిశ్వాసమన్నారు. ఆయన సంచి ఎప్పుడూ ఆయనే సర్దుకుంటారు.

యోనాను వెంటబెట్టుకొని గోదావరికి ఇవతల, భద్రాచలం వంతెనకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరాను. అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. గుడిలో పాడే కీర్తనలన్నీ నాకు కంఠతా వచ్చు. కీర్తనల పుస్తకం ఎదురుగా పెట్టుకొని, నోట్లో పాట నడుస్తుంటే వేలు అక్షరం మీద నడిపేదాన్ని. నోరు ఆగినచోట వేలు ఆగాలి. రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాత మందు సీసాల మీది చీటీలు, సినిమా వాల్‌పోస్టర్లు, పల్లీలు కట్టిచ్చిన కాగితాలు, ఏది దొరికితే అది చదివాను. అక్షరం ఉన్న కాగితాన్ని ఇప్పటికీ పొయ్యిలో పెట్టను, తూకానికి అమ్మను. యోనాకు నేర్పాలని చూశాను. వాడి చూపు బండ్ల మీద ఉండేది. పదహారేళ్ళకే ఆసుపత్రి జీపుకు క్లీనరు, ఇరవై రెండుకు డ్రైవరు. బండి నంబర్లు, కిలోమీటరు రాళ్ళ మీది అంకెలు తప్ప వాడు ఇంకేమీ చదవలేడు. విన్నది మాత్రం మరిచేవాడు కాదు. అక్షరం రానివాళ్ళకు దేవుడు ఆ గది పెద్దగా కట్టిస్తాడేమో.

వాడి భార్య గ్రేస్ కాన్పుకని చర్ల దగ్గర పుట్టింటికి పోయింది. నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందని తెలిసి వాడే జీపు తీసుకుపోయాడు, నేనూ వెంట పోయాను. అది 1987. జీపు వెనక ఎదురెదురుగా రెండు ఇరుకు బల్లలు. పడుకోబెట్టడానికి చోటు లేదు. అడవి రోడ్డులో గుంతగుంతకూ పట్టుకుంటూ, కూర్చోబెట్టే తీసుకొచ్చాము. దుమ్ముగూడెం దాటాక గ్రేస్ తల నా భుజం మీద వాలింది. నిద్రపోయిందనుకున్నాను. వాడు ముందు సీట్లోంచి, "ఎట్లున్నదక్కా" అని అడుగుతూనే ఉన్నాడు. తెలిశాక కూడా భద్రాచలం వచ్చేదాకా నేను, "పండుకున్నది" అనే చెప్పాను.

అది నేను వాడితో ఆడిన మొదటి అబద్ధం.

2003 వానాకాలంలో జీపు చక్రం మారుస్తుంటే ఎడమ కాలి బొటనవేలి మీద జాకీ పడింది. షుగరుందని అప్పటిదాకా మాకు తెలియదు. వేలు పోయింది, పాదం పోయింది, చివరికి మోకాలి కింద దాకా తీసేశారు. ఎడమ కాలు లేనివాడు క్లచ్ తొక్కలేడు. ఆసుపత్రివాళ్ళు వాడికి రావలసింది ఇచ్చి, ఒక శాలువా కప్పి పంపించారు. నా ఒంటిగది ఇంట్లోనే ఉండేవాడు. రోజంతా రోడ్డు పక్క అరుగు మీద కూర్చొని, పోయే బండ్ల చప్పుడు వినేవాడు. ఆసుపత్రి ముందున్న ఎత్తు ఎక్కే ప్రతి లారీకీ వీడిక్కడ కూర్చొని ఎడమ మోకాలు కదిలించేవాడు. "సెకండ్ల వేసుకోవాల్సింది, ఇంకా థర్డ్లనే గుంజుతుండు," అని సణిగేవాడు. లేని పాదంతో క్లచ్ తొక్కుతున్నాడని నాకు తెలిసేది. నేను చూడనట్టు బియ్యం ఏరుకునేదాన్ని.

ఆ మరుసటి ఏడాది కళ్ళ క్యాంపుకని విశాఖ నుంచి ఒక డాక్టరు వచ్చాడు. ఆయన కారు ఆసుపత్రి ముందు ఆగి ఉంటే యోనా కర్రల మీద పోయి అద్దంలోంచి తొంగి చూశాడు. కింద రెండే తొక్కుడు పలకలున్నాయి. బ్రేకు, యాక్సిలరేటరు. ఆ కారుకు గేర్లు వాటంతటవే మారతాయట, ఎడమ కాలికి పనే ఉండదట. డాక్టరును బతిమాలి, ఆసుపత్రి ఆవరణలో మూడు చుట్లు తిప్పాడు. మూడో చుట్టులో నవ్వాడు. కాలు పోయాక వాడి పళ్ళు నేను చూడడం అదే మొదలు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. వాడి కర్రలు మాత్రం నా చంకలోనే ఉన్నాయి.

వెతుకులాట అప్పుడు మొదలైంది.

ఖమ్మంలో పాత కార్ల బేరాలు చేసే హీరాలాల్ ఒకప్పుడు వీడి దగ్గర రెండేళ్ళు క్లీనరుగా ఉన్నాడు. తండాలో పుట్టి పదో తరగతి చదివినవాడు. యోనన్నా యోనన్నా అని మర్యాదగా ఉండేవాడు. యోనా వాడికి చెప్పినవి ఇవి. క్లచ్ ఉండకూడదు. ముందు ఎడమ సీటు పూర్తిగా వెనక్కి వాలి, వెనక సీటుతో కలిసి మంచంలా పరుచుకోవాలి. వాగులు దాటాలి కాబట్టి అడుగు ఎత్తుగా ఉండాలి. ఇవన్నీ ఉండి పాతదై ఉండాలి, మాకు అందాలి.

హీరాలాల్ అంతా విని తల గోక్కున్నాడు. "అన్నా, నువ్వు చెప్తున్నది కారు లెక్క లేదు, పెండ్లి సంబంధం లెక్కుంది. ఎత్తుండాలె, ఒద్దికుండాలె, అడిగినకాడికి వచ్చెయ్యాలె. గసొంటిది ఉంటే నేనే చేసుకుందును."

క్లచ్ లేని కార్లు అప్పట్లో జిల్లా మొత్తం మీద అయిదారు కూడా ఉండవన్నాడు. ఉన్నవి కూడా అధికారుల దగ్గరో డాక్టర్ల దగ్గరో ఉంటాయి, బయటికి రావు. వచ్చినా రిపేరు తెలిసినవాడు లేడు కాబట్టి జనం భయపడతారు. అయినా చూస్తానన్నాడు.

మొదటిసారి ఫోను చేసి రమ్మంటే పొద్దున బస్సుకు ఖమ్మం పోయాము. ఎర్ర కారు, తళతళ తుడిచి పెట్టారు. అమ్మేవాడు బటను నొక్కి అద్దాలు పైకీ కిందికీ జరిపి చూపించి, అంతా ఆటోమేటిక్కే అన్నాడు. యోనా తలుపు తీసి కిందికి చూశాడు. మూడు పలకలున్నాయి. అద్దాలు తొక్కి బండి నడపాలా అని మాత్రం అడిగాడు. హీరాలాల్ సిగ్గుపడి మాకు ఇరానీ చాయ్ తాగించాడు.

రెండోసారి కోటేష్ అనే మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాడు. అతను మామూలు కారుకే, స్టీరింగు పక్కన మోటారుసైకిలు క్లచ్ పిడి బిగించి తీగ లాగాడు. కాలితో తొక్కే బదులు చేత్తో పట్టుకోవాలి. యోనా నడిపి చూశాడు. చదును మీద బాగానే పోయింది. బైపాసు దగ్గర ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించబోతే, పిడి పట్టుకోవాలా, గేరు మార్చాలా, స్టీరింగు తిప్పాలా తేలక బండి వెనక్కి జారి మైలురాయికి ఆనుకుంది. వాడు దిగి, కోటేష్ భుజం తట్టి, పనితనం బాగుందని, మూడు చేతులున్నవాడెవరన్నా వస్తే ఇవ్వమని చెప్పాడు.

మూడోసారి సత్తుపల్లి. బొగ్గు గనిలో పనిచేసి బదిలీ అయిపోయిన ఒక ఆఫీసరు కారు. నిజంగానే క్లచ్ లేదు, సీటు వాలుతుంది. కాని నాలుగేళ్ళుగా ఇటుకల మీద నిలబడి ఉంది. గేరు పెట్టె కాలిపోయిందని, లోపల కోడి పొదుగుతున్నది కాబట్టి నెమ్మదిగా తలుపు తీయమని కాపలావాడు చెప్పాడు. యోనా కోడిని లేపకుండానే అంతా చూశాడు. అవతలి తలుపు తీసి, సీటు వాల్చి, దాని మీద అరచెయ్యి పెట్టి తల నుంచి కాళ్ళ దాకా జరిపాడు. ఎవరో అక్కడ పడుకుని ఉన్నట్టే.

ఈ తిరుగుడు నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. బస్సెక్కేటప్పుడు వాడు నా భుజం పట్టుకొని ఎక్కేవాడు. బస్టాండులో ఇద్దరం ఒకే కాగితం మీద మిర్చిబజ్జీలు పంచుకునేవాళ్ళం. బోర్డులు నేను చదివి చెప్పేదాన్ని, బండ్ల సంగతి వాడు చెప్పేవాడు. అరవై ఆరేళ్ళ వయసులో నాకు తోడు దొరికింది. నాకు కావలసింది వెతకడమే, కారు దొరకడం కాదు. ఆ సంగతి అప్పుడు నాకే తెలియదు.

సత్తుపల్లి నుంచి తిరిగి వస్తుంటే బస్సులో యోనా కిటికీ వైపు చూస్తూ అన్నాడు:

"కారొస్తే నేను ఈడ ఉండనక్కా. చర్ల రోడ్డు మీద మకాం పెడత. ఫోన్ నంబరు ఊరూర గోడల మీద రాయిస్త. ఎవలకు నొప్పులొచ్చినా పండవెట్టి తీసుకొస్త. కూసోవెట్టి తేను."

నేను మంచిదే అన్నాను. మరి నా సంగతేమిటో వాడు చెబుతాడేమోనని పాల్వంచ దాకా ఎదురుచూశాను. వాడు నిద్రపోయాడు.

మా ఇంట్లో ఆదివారం ఒక పద్ధతి ఉండేది. ఆరాధన అయ్యాక పాస్టరు గారు చదివేసిన పేపరు నాకిచ్చేవారు. అన్నాలు తిన్నాక యోనా గోడకు ఆనుకొని కూర్చునేవాడు. నేను అద్దాలు పెట్టుకొని, వాహనాల అమ్మకాలున్న వరుసను పై నుంచి కింది దాకా, ఒక్క మాట విడవకుండా చదివేదాన్ని. ట్రాక్టర్లు, ఆటోలు, మోటారుసైకిళ్ళు అన్నీ. కారు కానివి వదిలెయ్యమని వాడు ఎప్పుడూ అనలేదు. కళ్ళు మూసుకొని గుడిలో వాక్యం విన్నట్టు వినేవాడు.

2005 మార్చిలో ఒక ఆదివారం, మూడో ప్రకటన దగ్గర నా వేలు ఆగింది.

'అమ్మకానికి కారు. 2001 మోడల్. ఆటోమేటిక్ గేర్లు, క్లచ్ లేదు. ఎత్తైన బండి. ముందు సీటు పూర్తిగా వాలును. ఒకే యజమాని, డాక్టరు. ఏలూరు.' కింద ఫోను నంబరు.

రెండోది అప్పటికే పైకి చదివేశాను. ఊపిరి తీసుకున్నాను. నాలుగోది చదివాను.

అంతే జరిగింది. అంతకుముందు ఏమీ అనుకోలేదు. పాడుతూ పాడుతూ ఒక చరణం మరిచినట్టు నోరు దాటిపోయింది. చివరిదాకా చదివి పేపరు మడిచాను. ఈ వారం ఏమీ లేదా అని వాడు అడగనైనా లేదు. విన్నాడు కదా. వచ్చే వారం చూద్దామక్కా అన్నాడు.

వచ్చే వారమూ అది ఉంది. ఈసారి నాకు తెలిసే దాటాను. వారమంతా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. షుగరు మనిషి, ఒంటికాలు, అడవి రోడ్డు. వాగు మధ్య బండి ఆగిపోతే కర్రల మీద ఎట్లా దిగుతాడు. గోలీలు వేళకు ఎవరిస్తారు. మొండికి పుండు పడితే ఎవరు చూస్తారు. ఇవన్నీ నిజాలే. ఒక అబద్ధానికి ఇన్ని నిజాలు తోడొస్తాయని అప్పుడే తెలుసుకున్నాను. మూడో ఆదివారం ప్రకటన కింద 'త్వరపడండి' అని కలిపారు. అదీ దాటాను. నాలుగో ఆదివారం అది లేదు. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

మే నెల ఆఖరులో, ఒక ఆదివారం, భద్రాచలంలో ఏదో పెళ్ళికి వచ్చి హీరాలాల్ మా ఇంటి ముందు మోటారుసైకిలు ఆపాడు. మంచినీళ్ళు తాగి, నుదురు తుడుచుకొని, మామూలుగా అన్నాడు:

"ఏలూరు డాక్టరు బండి ఎట్ల ఇడిసిపెట్టిన్రన్నా? పాల్వంచ కాంట్రాక్టరు కొన్నడు, భార్య నేర్చుకునేటందుకు. అచ్చం నువ్వడిగిన బండే. నాకు ఆలస్యంగ తెల్సింది. మూడు ఆదివారాలు పేపర్ల పడ్డదంట గదా."

"పడలె," అన్నాడు యోనా. "పడితే మా అక్క సదవకుంట ఉంటదా? ఆమె అగ్గిపెట్టె మీదిది గూడ ఇడవదు."

హీరాలాల్, మార్చి నెలలోనే పడిందని డాక్టరే తనతో చెప్పాడన్నాడు. యోనా నా వైపు తిరిగి ఆ నెల పేపర్లు తెమ్మన్నాడు. తూకానికి వేశానన్నాను.

"నువ్వెన్నడు ఏసినవక్కా," అన్నాడు వాడు. కోపంతో కాదు, నవ్వుతూనే. "మంచం కిందున్నయి. హీరా, నువ్వు తియ్యి."

హీరాలాల్ వంగి కట్ట బయటికి లాగాడు. తేదీలు చూసి ఆదివారాలవి ఏరాడు. యోనా గోడకు ఆనుకొని కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ నా ముందు కూర్చున్నట్టే.

"మట్టల ఆదివారం పోను దాని ముందటి వారం," అన్నాడు. "మొదటిది ట్రాక్టరు, ట్రక్కుతోని, తణుకు. రెండోది డీజిల్ జీపు, టైర్లు కొత్తయి, నూజివీడు. మూడోది అంబాసిడరు, గ్యాస్ కిట్టు, విజయవాడ. నాలుగోది ఆటో. అయిదోది రెండు మోటారుసైకిళ్ళు, ఏదైనా ఒకటి ఇస్తరంట."

హీరాలాల్ వేలు వరుస మీద వాడి మాటల వెంట కిందికి దిగింది. జీపు దగ్గర ఆగింది. మళ్ళీ పైకి పోయి కిందికి వచ్చింది.

"అన్నా, జీపుకు అంబాసిడరుకు మధ్యల ఒకటున్నది."

"సదువు."

చదివాడు. నేను చదివేదానికంటే జల్దీగా, తడబడకుండా చదివాడు. బడికి పోయినవాడు కదా. చదివాక రెండో పేపరు, మూడో పేపరు కూడా తీశాడు. యోనా ఆ వారాలవీ వరుసగా అప్పజెప్పాడు. ప్రతిదాంట్లోనూ మధ్యలో ఒకటి ఉంది. రెండు నెలలైనా వాడికి ఒక్క మోటారుసైకిలు కూడా తప్పిపోలేదు. నేను చదివి వినిపించిన ప్రతి మాటనూ నమ్మి దాచుకున్నాడు.

హీరాలాల్ బండిలో పెట్రోలు ఉందో లేదో చూసుకోవాలని బయటికి పోయాడు.

యోనా కళ్ళు తెరిచాడు. "కండ్లు ఆనలేదా అక్కా?" అని అడిగాడు.

అవ్ అంటే సరిపోయేది. వాడు ఆ మాట నాకోసమే అక్కడ పెట్టాడని నాకు తెలుసు. అరవై ఏడేళ్ళ ముసలిదాన్ని, దీపం సరిగా లేదు, వరుసలు సన్నగా ఉంటాయి. వాడు నమ్మేవాడు, లేకపోతే నమ్మినట్టు ఉండేవాడు. నేను నోరు తెరిచాను. మాట రాకముందే వాడే మళ్ళీ అడిగాడు.

"మూడుసార్లు ఆనలేదా?"

నేను పేపర్లు పోగుచేసి మళ్ళీ కట్ట కట్టాను.

ఆ తర్వాత మూడు వారాలు వాడు నాతో కసిరి మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, పట్టీలు కడితే కాలు చాపాడు. ఆదివారం పేపరు తెచ్చి అద్దాలు పెట్టుకుంటే మాత్రం కర్రలు తీసుకొని అరుగు మీదికి పోయేవాడు. హీరాలాల్ అప్పుడప్పుడూ ఆసుపత్రి ఫోనుకు చేసేవాడు. జూన్ పన్నెండున చేసి, రాజమండ్రిలో అలాంటిదే ఇంకొకటి ఉందని, అడుగు కొంచెం తక్కువ ఎత్తైనా ఫరవాలేదంటే వెంటనే రావాలని చెప్పాడట. సంచి సర్దు అక్కా అన్నాడు యోనా. వాడే సర్దుకోవచ్చు. నాకెందుకు చెప్పాడో నాకు తెలియలేదు. నా చేత్తో సర్దినవి తిరిగి రావని వాడికి చిన్నప్పటి నుంచి తెలుసు. నేనే చెప్పాను.

మిగతా రెండు చొక్కాలూ పెట్టాను. కొత్త నిబంధన పుస్తకం పెట్టబోతే, చదివేవాళ్ళెవరని తీసి మంచం మీద పెట్టాడు. చింతపండు పులిహోర బాదం ఆకులో కట్టి పైన పెట్టి, తాడు బిగించాను.

నేను వెంట వస్తానన్నాను. బస్సెక్కించడానికైనా. వద్దన్నాడు. గుమ్మం దగ్గర కర్రలు సరిచేసుకుంటూ, రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు:

"చర్ల రోడ్డు మీద సత్యనారాయణపురంల ఇల్లు చూసిపెట్టిన, ఉగాదికి ముందే. రెండర్రలది. ఒకటి నీకు. కారొచ్చినంక చెప్దామనుకున్న."

సంచి తాడు భుజానికి తగిలించుకున్నాడు. ఎనిమిదిన్నర బస్సు ఆసుపత్రి ముందు ఆగింది. కండక్టరు కిందికి దిగి కర్రలు అందుకున్నాడు. వాడు ఆ కండక్టరు భుజం పట్టుకొని ఎక్కాడు.

కారు కొన్నాడని హీరాలాల్ చెప్పాడు. వెండి రంగుదట. చర్ల రోడ్డులో ఊరూరా గోడల మీద వాడి ఫోను నంబరు ఉందని ఆసుపత్రికి వచ్చే కోయవాళ్ళు చెబుతారు. పడుకోబెట్టి తెస్తాడట, గుంత వస్తే ముందే చెబుతాడట, డబ్బులు లేకపోతే అడగడట. తెచ్చేది మాత్రం మా ఆసుపత్రికి కాదు, వంతెన అవతల భద్రాచలం దవాఖానాకు. ఒక ఏడాదిలో పదిహేడు కాన్పులని నేను లెక్కపెట్టుకున్నాను, చెప్పినవాళ్ళ మాటలను బట్టి. నేను మార్చిలో ఆ వరుస చదివి ఉంటే మూడు నెలల ముందే మొదలయ్యేది. ఆ మూడు నెలల్లో చర్ల రోడ్డు మీద ఎవరైనా కూర్చునే చనిపోయారా అని నేను ఎవరినీ అడగలేదు.

2006 ఆగస్టు వరదలో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఎవరినో పాల్వంచలో దింపి వస్తున్న యోనా ఇవతలి ఒడ్డునే చిక్కుకుపోయాడు. మూడు రోజులు. మా ఇళ్ళలోకి నీళ్ళు వస్తుంటే మమ్మల్ని ట్రాక్టరులో ఎక్కించి మిట్ట మీది బడికి చేర్చారు. నాతో పనిచేసిన ముత్తక్క నడవలేనిది కాబట్టి వెనకబడిపోయింది. మధ్యాహ్నం వేళ వచ్చింది, చీర తడవకుండా.

"మీ తమ్ముడే తెచ్చిండు," అంది. "సీటు వాల్చి పండుకోవెట్టిండు. రాణి లెక్క వచ్చిన. 'మా అక్క ఎక్కిందా' అనడిగిండు. ఎక్కింది, బడి కాడున్నదని చెప్పిన. సరే అని నన్ను గేటుకాడ దించిండు."

నేను గేటు దాకా పోయేసరికి కారు మలుపు తిరిగి ఎత్తు దిగుతోంది. గేరు మారిన చప్పుడు వినబడలేదు. ఆ బండికి ఆ చప్పుడు ఉండదు. ఆ మూడు రోజులూ వాడు వంతెనకు ఇవతల సారపాక దగ్గర రోడ్డు పక్కన కారులోనే, వాల్చిన సీటు మీదే పడుకున్నాడని తర్వాత తెలిసింది. బడికి అక్కడి నుంచి మూడు మైళ్ళు.

నాన్నను రానివ్వనిది నది, డేవిడ్‌ను రానివ్వనిది ఇంకో ఇల్లు. వీడికి కారు ఉంది, రోడ్డు ఉంది, వంతెన ఉంది.

ఆదివారం పేపరు ఇప్పటికీ వస్తుంది. అమ్మకాల వరుస పై నుంచి కింది దాకా, ఒక్కటీ విడవకుండా, పైకి చదువుతాను.

మా తమ్ముడు యోనా 2005 జూన్ 13, సోమవారం పొద్దున ఎనిమిదిన్నర బస్సుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు.